ఈ యుద్ధానికి మాత్రం రాను

2003 మార్చిలో అమెరికా, బ్రిటన్ సేనలు ఇరాక్ మీదికి దండెత్తాయి. ఆ ఒక్క యుద్ధం విషయంలో మూడు సైన్యాల్లో ముగ్గురు అధికారులు కాదన్నారు. జర్మన్ సైన్యంలో మేజర్ ఫ్లోరియాన్ ఫాఫ్, ఆ యుద్ధానికి అక్కరకొస్తుందని తాను అనుమానించిన ఒక సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులో పనిచెయ్యనన్నాడు. బ్రిటిష్ వైమానిక దళంలో డాక్టరుగా ఉన్న ఫ్లైట్ లెఫ్టినెంట్ మాల్కమ్ కెండల్-స్మిత్ 2005లో బస్రా వెళ్లనన్నాడు. అమెరికన్ సైన్యంలో ఫస్ట్ లెఫ్టినెంట్ ఎరెన్ వటాడా 2006 జూన్‌లో తన దళంతో పాటు విమానం ఎక్కలేదు. ముగ్గురూ ఇష్టపడి యూనిఫారం వేసుకున్నవాళ్లే. యుద్ధాలన్నీ పాపమని ఎవరూ అనలేదు, ఈ యుద్ధం మాత్రం చట్టవిరుద్ధమన్నారు. జర్మన్ కోర్టు ఫాఫ్‌ని నిర్దోషి అంది. బ్రిటిష్ సైనిక న్యాయస్థానం డాక్టరుకి ఎనిమిది నెలల జైలు వేసి, ఉద్యోగం తీసేసి, ఖర్చుల కింద 20,000 పౌండ్లు కట్టమంది. వటాడా విచారణ మధ్యలోనే రద్దయి, ఒకే నేరానికి రెండుసార్లు విచారించకూడదన్న సూత్రం మీద ఆగిపోయింది, చివరికి 2009లో గౌరవం లేని పద్ధతిలో సైన్యం అతన్ని వదిలించుకుంది. ఒకే యుద్ధం, ఒకే అభ్యంతరం, మూడు ఫలితాలు. ఏది సబబు?

కింద మాట్లాడే ఇద్దరూ కల్పిత పాత్రలు. ఒకరు పశ్చిమగోదావరి జిల్లా మాధవరానికి చెందిన రిటైర్డ్ సుబేదారు. ఇంటికో సైనికుణ్ణి పంపే ఊరుగా పేరుపడి, జనం నోట 'మిలిటరీ మాధవరం' అయిన ఊరది. రెండో వ్యక్తి ఆయన్ని బాబాయ్ అని పిలిచే లాయరమ్మాయి. వాళ్లు ఉదాహరించే మనుషులు, తీర్పులు, తేదీలు మాత్రం కల్పితాలు కావు. దాపరికమెందుకు, నా మొగ్గు లాయరు వైపే. అయితే అవతలివాడి చేత పేలవంగా మాట్లాడించి గెలిస్తే అది గెలుపు కాదు.

సుబేదారు: ఏమ్మా, ఆ ముగ్గురినీ నువ్వు వీరులంటావు. నేను మాట తప్పినవాళ్లంటాను. నిర్బంధ సైనిక సేవ ఉన్న దేశంలో కుర్రాణ్ణి ఇంట్లోంచి లాక్కెళ్లి తుపాకి చేతికిస్తే వాడు 'నా మనసొప్పట్లేదు' అనడం వేరు, దాన్ని నేను అర్థం చేసుకుంటాను. వీళ్లని ఎవరూ లాక్కెళ్లలేదు. జీతం, హోదా, పింఛను చూసుకుని సంతకం పెట్టి, ప్రమాణం చేసి చేరారు. ఆ ప్రమాణంలో 'నాకు నచ్చిన యుద్ధానికే' అన్న షరతు లేదు. యుద్ధానికి వెళ్లాలా వద్దా అన్నది జనం ఎన్నుకున్న ప్రభుత్వం తేల్చాలి, సిపాయి కాదు. 1987లో మనవాళ్లని శాంతి సేన పేరుతో శ్రీలంక పంపారు. శాంతి కాపాడటానికి వెళ్లినవాళ్లు తమిళ టైగర్లతో యుద్ధంలో దిగారు, సుమారు 1,200 మంది తిరిగి రాలేదు. ఇది మనకెందుకు అని లోపల అనుకోని జవాను ఉంటాడా? అయినా వెళ్లారు. తప్పు జరిగితే దాన్ని దిద్దుకోవాల్సింది ఢిల్లీ. 1990కి సేన వెనక్కి వచ్చింది కూడా. సైన్యం అలా ఉండబట్టే మన పక్క దేశంలో లాగా ఇక్కడ జనరళ్లు గద్దెనెక్కలేదు.

లాయరు: చివరి మాట చాలా పెద్దది బాబాయ్ గారూ, దాని దగ్గరికి మళ్లీ వస్తాను. ముందు ప్రమాణం సంగతి. సైనికుడు ఆజ్ఞలన్నీ పాటిస్తానని ప్రమాణం చేశాడనుకుంటాం. చట్టం అలా అనదు. మన 1950 నాటి ఆర్మీ యాక్టు 41వ సెక్షను శిక్షించేది పైఅధికారి ఇచ్చిన చట్టబద్ధమైన ఆజ్ఞను ధిక్కరించడాన్ని. ఆజ్ఞ చట్టబద్ధం కాకపోతే ఆ నేరమే లేదు. నాజీ అధికారులు నూరెంబర్గ్‌లో 'పైవాళ్లు చెప్పారు, చేశాం' అంటే అక్కడి అంతర్జాతీయ సైనిక న్యాయస్థానం దాన్ని సమాధానంగా ఒప్పుకోలేదు. 1968 మార్చి 16న వియత్నాంలోని మై లై గ్రామంలో పసిపిల్లలతో సహా వందల మందిని అమెరికన్ సైనికులు చంపారు. లెఫ్టినెంట్ కేలీ తన పైవాడి మాట విన్నానన్నాడు. 1971లో సైనిక న్యాయస్థానం అతన్ని హంతకుడని తేల్చింది. అంటే పొలం గట్టు మీద, తుపాకి చప్పుళ్ల మధ్య, రెండు క్షణాల్లో ఏది న్యాయమో తేల్చుకోమని ఇరవై రెండేళ్ల కుర్రాణ్ణి చట్టం నిర్బంధిస్తోంది. అదే కుర్రాడు నెలల తరబడి చదివి, ఆలోచించి, ఈ దండయాత్రే తప్పని ఉత్తరం రాస్తే 'నీకేం తెలుసు, నోర్మూసుకో' అంటోంది. ఇవి రెండూ ఒక్క నోటితో అనదగ్గ మాటలేనా?

సుబేదారు: అనదగ్గవే. పసిపిల్లని కాల్చమంటే అది తప్పని తెలుసుకోవడానికి చదువక్కర్లేదు. ఒక దేశం మీద యుద్ధం న్యాయమా కాదా అన్నది తేల్చాలంటే గూఢచారుల నివేదికలు, ఒప్పందాలు, ఐక్యరాజ్యసమితి తీర్మానాలు చూడాలి. సెక్షను కమాండరు దగ్గర అవి ఉండవు. నూరెంబర్గ్ పేరెత్తావు కనుక చెబుతున్నా, అక్కడే 1948లో జర్మన్ సైన్యాధిపతుల మీద నడిచిన కేసులో, దురాక్రమణ యుద్ధం చేసిన నేరం విధానం నిర్ణయించే స్థాయిలో ఉన్నవాళ్లది మాత్రమే అని తేల్చారు. మామూలు సైనికుడి మీద ఆ పాపం వెయ్యలేదు. నీ డాక్టరు కేసులో బ్రిటిష్ జడ్జి చెప్పిందీ అదే. పైగా 2005 నాటికి విదేశీ సేనలు ఇరాక్‌లో ఉండటానికి భద్రతా మండలి తీర్మానాల అనుమతి ఉందని చూపించాడు. వైద్యం చేసి రమ్మంటే వెళ్లనన్న డాక్టరుకి న్యాయశాస్త్రం ఎందుకు?

లాయరు: ఆ పాపం మామూలు సైనికుడి మీద వెయ్యలేదన్నారు, నిజమే. శిక్షించం అనడానికీ, చేసి తీరాలి అనడానికీ చాలా దూరం ఉంది. దురాక్రమణలో పాల్గొన్న సిపాయిని జైల్లో పెట్టకపోవడం న్యాయమే. పాల్గొననన్న సిపాయిని జైల్లో పెట్టడం దానివల్ల న్యాయమైపోదు. ఇక సిపాయికి తెలియదన్న మాట. బ్రిటన్‌లో తెలిసినవాళ్లు ఏం చేశారో చూద్దాం. అటార్నీ జనరల్ గోల్డ్‌స్మిత్ 2003 మార్చి 7న ప్రధానికి ఇచ్చిన సలహా నిండా సందేహాలే, మరో తీర్మానం తెచ్చుకోవడమే క్షేమమని ఉంది. పది రోజుల తర్వాత పార్లమెంటు ముందుకొచ్చిన పొట్టి ప్రకటనలో ఆ సందేహాలేవీ లేవు. విదేశాంగ శాఖలో డిప్యూటీ న్యాయ సలహాదారు ఎలిజబెత్ విల్మ్స్‌హర్స్ట్ ఇది చట్టవిరుద్ధమని ఉద్యోగం వదిలేసింది. సేనలన్నిటికీ అధిపతి అడ్మిరల్ బాయిస్ అయితే, యుద్ధం చట్టబద్ధమేనని స్పష్టంగా రాసిస్తే గానీ కదలనని పట్టుబట్టాడు. రేపు తనూ తన మనుషులూ బోనులో నిలబడకూడదని ఆయన భయం. గమనించండి, అడ్మిరల్ అడిగితే వివేకం, డాక్టరు అడిగితే ధిక్కారం. న్యాయ సలహాదారు రాజీనామా ఇచ్చి ఇంటికి వెళ్లింది, డాక్టరు జైలుకి వెళ్లాడు. ఈ యుద్ధం మీద విచారణ జరిపిన చిల్‌కాట్ కమిటీ 2016లో పన్నెండు సంపుటాల నివేదిక ఇచ్చింది. శాంతియుత మార్గాలన్నీ అయిపోకముందే బ్రిటన్ యుద్ధంలోకి దిగిందనీ, చట్టబద్ధత తేల్చిన తీరు ఏమాత్రం సంతృప్తికరంగా లేదనీ రాసింది. ఫైళ్లన్నీ దగ్గరున్న మంత్రులు పొరబడ్డారు. ఫైలు చూడని డాక్టరు సందేహించినచోటే కమిటీ కూడా వేలు పెట్టింది. 'నీకు తెలియదు' అన్న వాదానికి ఇంతకంటే పెద్ద దెబ్బ ఏముంటుంది?

సుబేదారు: పదకొండేళ్ల తర్వాత వచ్చిన నివేదికతో ఆ రోజు చేసిన పనిని సమర్థించలేవమ్మా. ఆ లెక్కన గురి తప్పినా పిట్ట పడితే వేటగాడు గొప్పవాడే. సరే, నాకు అంతకంటే బాధగా ఉండే విషయం వేరే ఉంది. నీ ముగ్గురూ ఎవరు? ముగ్గురూ ఆఫీసర్లే. చదువుకున్నవాళ్లు, పత్రికలవాళ్లతో మాట్లాడగలరు, లాయర్లని పెట్టుకోగలరు. మా జవానుకి ఏముంది? ఇంగ్లీషులో పిటిషను రాసుకోగలిగిన ఆఫీసరుకి అంతరాత్మ, రాసుకోలేని జవానుకి ఆర్డరా? వటాడా విమానం ఎక్కకపోతే యుద్ధం ఆగలేదు. అతని సీట్లో ఇంకో తల్లి కొడుకు కూర్చున్నాడు. నీ అంతరాత్మ శుభ్రంగా ఉంచుకోవడానికి ఆ మురికి ఇంకొకడి చేతికి అంటించడం ఏం నీతి?

ఇక్కడ నేను కలగజేసుకోవాలి. సుబేదారు అన్న ఈ రెండు మాటల్లో మొదటిది అమెరికన్ సుప్రీంకోర్టు కూడా అన్నదే. 1971లో జిలెట్ కేసులో, వియత్నాం యుద్ధానికి మాత్రమే రామన్నవాళ్లకి మినహాయింపు లేదని ఎనిమిది మంది న్యాయమూర్తులు ఒక వైపు నిలిచారు, డగ్లస్ ఒక్కడే అడ్డం తిరిగాడు. అన్ని యుద్ధాలనీ వద్దనేవాడికే మినహాయింపు, ఏరుకునేవాడికి లేదు. ఏరుకోనిస్తే ఎవరి అభ్యంతరం నిజమో, ఎవరిది రాజకీయమో నిష్పక్షపాతంగా తేల్చడం కష్టమనీ, బాగా మాట్లాడగలిగినవాడే లాభపడతాడనీ కోర్టు భయపడింది. ఆ భయం ఉత్తది కాదు. విచిత్రమేమిటంటే, ఆ నియమం వల్ల ధర్మయుద్ధం, అధర్మయుద్ధం అన్న భేదం పాటించే వ్యక్తికే దారి మూసుకుపోయింది. జిలెట్ కేసుతో కలిపి తేల్చిన ఇంకో కేసులో పిటిషనరు నిష్ఠగల కాథలిక్కు. తన మతం నేర్పిన ఆ భేదాన్నే కోర్టు ముందు పెట్టాడు. ఏ యుద్ధమైనా సరే రానన్నవాడిని చట్టం నమ్ముతుంది, యుద్ధాన్ని బట్టి ఆలోచించేవాణ్ణి నమ్మదు. మన భారతంలో బలరాముడు చేసింది ఏరుకోవడమే. ఆయన శాంతివాది కాడు, గదాయుద్ధానికి గురువు. అయినా కురుక్షేత్రం వద్దని తీర్థయాత్రకి వెళ్లిపోయాడు. కవిత్రయం చదివిన ఎవరూ ఆయన్ని పిరికివాడనలేదు.

లాయరు: ఇంకో తల్లి కొడుకు మాట నాకూ గుచ్చుకుంటుంది బాబాయ్ గారూ. అయితే వటాడా ఇంట్లో కూర్చుంటానని అడగలేదు. ఇరాక్ వద్దు, అఫ్ఘానిస్తాన్ పంపండి అన్నాడు. అక్కడా ప్రాణం పోయేదే. సైన్యం ఒప్పుకోలేదు. రాజీనామా ఇస్తానంటే తీసుకోలేదు. మూసిన తలుపులు సైన్యానివి. ఆఫీసర్ల మాటకొస్తే, అదే యుద్ధంలో కమీలో మెహియా అనే స్టాఫ్ సార్జెంటు ఉన్నాడు. ఇరాక్‌లో నెలల తరబడి పోరాడి, సెలవు మీద వచ్చి మళ్లీ వెళ్లలేదు. 2004లో లొంగిపోతే ఏడాది జైలు వేశారు. మన దగ్గర చంద్రసింగ్ గఢ్వాలీ హవల్దారే. 1930 ఏప్రిల్ 23న పెషావర్ కిస్సాఖానీ బజారులో నిరాయుధుల మీద కాల్చమంటే ఆయన, ఆయన మనుషులు కాల్చలేదు. యావజ్జీవ శిక్ష పడింది, 1941లో గానీ వదల్లేదు. అంతరాత్మకి డిగ్రీ అక్కర్లేదు. దాన్ని విచారించే పద్ధతికి మాత్రం జవాను భాష తెలియాలి, ఉచితంగా లాయరు దొరకాలి. మీరు చూపించిన అన్యాయానికి మందు అది. ఎవరికీ హక్కు లేకుండా చెయ్యడం కాదు.

సుబేదారు: చంద్రసింగ్ పేరు నువ్వే ఎత్తావు గనక గాంధీ ఏమన్నాడో కూడా చెప్పు. ఒక ఫ్రెంచి విలేకరి అడిగితే, కాల్చమన్న ఆజ్ఞను కాదన్న సైనికుడు ప్రమాణం తప్పాడనీ, తాను ఆ అవిధేయత నేర్పితే రేపు తన ప్రభుత్వంలోనూ వాళ్లు అదే పని చేస్తారనీ అన్నాడాయన. అహింసకే గురువు ఆయన! 1931లో వైస్రాయ్ ఇర్విన్‌తో ఒప్పందంలో ఆ గఢ్వాలీల విడుదలే లేదు. గాంధీ భయం ఉత్తదా? 1984 జూన్‌లో స్వర్ణదేవాలయం మీద సైనిక చర్య విని రాంగఢ్‌లో సిక్కు సైనికులు తిరగబడ్డారు. వాళ్లకీ మనసు గాయపడింది, వాళ్లదీ అంతరాత్మే. వాళ్ల బ్రిగేడియరే చచ్చిపోయాడు. మన విశాఖపట్నంలోనే 1780లో కంపెనీ సిపాయిలు ఓడెక్కి మద్రాసు వెళ్లి హైదర్ అలీతో పోరాడమంటే తిరగబడి ఇంగ్లీషు అధికారులని చంపారు. ఇజ్రాయెల్ చూడు. 2002లో వెస్ట్‌బ్యాంక్, గాజాల్లో కాపలా కాయబోమన్న రిజర్వు సైనికులని మీవాళ్లు మెచ్చుకున్నారు. 2005లో గాజా నుంచి యూదు నివాసాలు ఖాళీ చేయించమంటే మతవాదులైన సైనికులు అదే అంతరాత్మ పేరు చెప్పారు. ఈ కత్తికి రెండు వైపులా పదును. అందుకే అక్కడి సుప్రీంకోర్టు 2002 డిసెంబరులో, మీ నమ్మకం నిజాయితీ కలదే కావచ్చు గానీ ఇలా ఒప్పుకుంటూ పోతే సైన్యం ముక్కలుగా చీలిపోతుందని పిటిషను కొట్టేసింది.

లాయరు: మీరు చెప్పినవాటిలో మూడు రకాల పనులు కలిసిపోయాయి. రాంగఢ్‌లో, విశాఖలో ఆయుధం పైకెత్తారు. అది తిరుగుబాటు, దాన్ని ఏ దేశమూ ఓర్వదు, ఓర్వకూడదు. చంద్రసింగ్ ఆయుధం దించాడు. ఈ తేడా కంటికి కనబడేది, దీనికి తర్కం అక్కర్లేదు. మూడోది బేరం. ఇంత మందిమి సంతకాలు పెట్టాం, ప్రభుత్వం దిగివస్తే సరి, లేకపోతే డ్యూటీకి రాం అనడం. అందులో సైన్యం రాజకీయంలోకి వస్తుందన్న మీ భయం నాదీను. గద్దెనెక్కే జనరళ్ల గురించి మొదట్లో మీరన్న మాటకి ఇదే జవాబు. గద్దెనెక్కాలంటే వెనక నడిచే సైన్యం కావాలి. ఒంటరిగా, తన పేరుతో, నేను మాత్రం చెయ్యనని చెప్పి శిక్షకి సిద్ధపడ్డవాడి వెనక ఎవరూ నడవరు. నిజానికి ప్రశ్నించకుండా కదిలే సైన్యమే జనరల్‌కి పనికొస్తుంది. 2005లో ఖాళీ చేయించనన్న మతవాది సైనికుడికీ నా నియమమే. ఒంటరిగా, ముందుగా, బాహాటంగా చెబితే వినాలి. అతని అభిప్రాయం నాకు నచ్చకపోవడం దానికి అడ్డు కాదు. గాంధీ మాటకి నేను తల వంచను. తన చేతికి రాబోయే రాజ్యాన్ని చూసి అన్న మాట అది. కాల్చనన్నవాళ్లని జైల్లో వదిలేసిన ఒప్పందం ఆయన గొప్పతనానికి వన్నె తేలేదు.

సుబేదారు: మాటలు బాగున్నాయి. ఇలాంటి హక్కు ఇచ్చి బతికి బట్టకట్టిన సైన్యాన్ని ఒక్కదాన్ని చూపించు.

లాయరు: జర్మనీ. అక్కడి రాజ్యాంగం నాలుగో అధికరణం అంతరాత్మ స్వేచ్ఛకి హామీ ఇస్తుంది, సైనికుడికి కూడా. ఫాఫ్‌ని కింది సైనిక న్యాయస్థానం కెప్టెన్‌గా దించింది. 2005 జూన్ 21న లైప్‌జిగ్‌లోని ఫెడరల్ పరిపాలనా న్యాయస్థానం ఆ శిక్ష కొట్టేసింది. సైనికుడు చెయ్యాల్సింది గుడ్డి విధేయత కాదనీ, ఆజ్ఞ పర్యవసానాన్ని ఆలోచిస్తూ పాటించే విధేయత అనీ తేల్చింది. ఇరాక్ యుద్ధం మీద అంతర్జాతీయ చట్టం ప్రకారం తీవ్రమైన సందేహాలున్నాయని అది నిర్మొహమాటంగా రాసింది. ఇంతకంటే ముఖ్యమైనది దాని కొలత. ఆ సైనికుడి అభిప్రాయం సరైనదా అని కాదు, ఆ నిర్ణయం అతనికి నిజంగా అంతరాత్మ సంబంధమైనదా, లోతైనదా, దాటలేనిదా అని చూసింది. అవునని తేలితే అతనికి వేరే పని చూపించాల్సిన బాధ్యత సైన్యానిదే అంది. ఆ తీర్పు తర్వాత జర్మన్ సైన్యం కూలిపోలేదు. అఫ్ఘానిస్తాన్‌లో 2021 దాకా నిలబడింది. విధేయతే సర్వస్వమన్న సైన్యం తమని ఎక్కడికి తీసుకుపోయిందో ఆ దేశానికి ఎవరూ చెప్పక్కర్లేదు.

సుబేదారు: జర్మనీకి సియాచిన్ లేదు, గల్వాన్ లేదు. కార్గిల్ కొండ కింద నిలబడి ఒకడు 'నాకు సందేహంగా ఉంది' అంటే?

లాయరు: ఎక్కడైనా కాల్పుల మధ్య కొత్తగా పుట్టిన సందేహానికి అప్పటికప్పుడు మినహాయింపు అడగను. పక్కవాడి ప్రాణం మీదికి వస్తుంది. అయితే మన ఇంటిని కాచుకునే యుద్ధంలో ఈ ప్రశ్న తక్కువ. అది ఎక్కువగా వచ్చేది దూరదేశాల యుద్ధాల్లో. అదే ఇరాక్ కథ ఇంకొంచెం చెబుతాను. 2003 ఏప్రిల్‌లో మన పార్లమెంటు ఆ దాడిని ఖండిస్తూ తీర్మానం చేసింది. ఆ తర్వాత అమెరికా మన సైన్యాన్ని, ఒక డివిజన్ మొత్తాన్ని, ఇరాక్ పంపమంది. వాజపేయి ప్రభుత్వం జూలై 14న కుదరదంది. ఐక్యరాజ్యసమితి స్పష్టమైన ఆదేశం ఉంటే ఆలోచిస్తామంది. ఫాఫ్, వటాడా అడిగిందీ ఆ ప్రశ్నే కదా! ఆ రోజు ఢిల్లీ సరేనని ఉంటే, మాధవరం కుర్రాడు ఒకడు 'మన పార్లమెంటు ఖండించిన యుద్ధానికి నేను వెళ్లను' అంటే, ఏ సెక్షను కింద జైల్లో పెడతారు? రాజ్యాంగం 25వ అధికరణం అంతరాత్మ స్వేచ్ఛ ఇచ్చింది. సైనికుడి హక్కులని కుదించే అధికారం 33వ అధికరణం పార్లమెంటుకి ఇచ్చింది. కుదించే అధికారం ఉంది, కుదించి తీరాలన్న ఆజ్ఞ లేదు.

సుబేదారు: ఆ కుర్రాణ్ణి జైల్లో పెట్టాలని నేనూ అనను. అయితే నా షరతులు విను. బయల్దేరకముందే రాసివ్వాలి. ఒక్కడే రాసివ్వాలి, గుంపుగా కాదు. ఆయుధం అప్పగించాలి. ఇంకో చోట, అంతే ప్రమాదమున్న పని ఇచ్చినా చెయ్యాలి. అదీ చెయ్యనంటే యూనిఫారం విప్పి, దానితో వచ్చే ప్రమోషన్లు వదులుకుని ఇంటికి పోవాలి. తేల్చే బోర్డులో సైనికులు ఉండాలి, నీలాంటివాళ్లు మాత్రమే కాదు.

లాయరు: బోర్డులో జడ్జి కూడా ఉంటే మిగతా వాటికి నేను సంతకం పెడతాను. పింఛను మాత్రం అప్పటిదాకా చేసిన సర్వీసుకి ఇవ్వాల్సిందే, అది సంపాదించుకున్నది.

సుబేదారు: పింఛను దగ్గర నేను ఒప్పుకోను.

పింఛను తగువు వాళ్లనే తేల్చుకోనిద్దాం. అసలు విషయంలో సుబేదారు కూడా సగం దూరం వచ్చాడు, ఆయన షరతుల్లో చాలావరకు నాకూ సమ్మతమే. ఈ యుద్ధం తప్పని ముందుగా, ఒంటరిగా, బాహాటంగా చెప్పి, ఆయుధం అప్పగించిన సైనికుడు నేరస్థుడు కాడు. సైన్యానికి అతని వల్ల కలిగే నష్టం, పారిపోయినవాడి వల్లనో, రోగం నటించినవాడి వల్లనో కలిగేదానికంటే తక్కువే. ఎవరి అంతరాత్మ నిజమో తేల్చడం కష్టమన్న జిలెట్ తీర్పు వాదం నా దృష్టిలో నిలవదు. అంతకంటే కష్టమైన మనోగతాలని కోర్టులు హత్య కేసుల్లో రోజూ తేలుస్తూనే ఉన్నాయి. సుబేదారు చెప్పిన 'ఇంకో తల్లి కొడుకు' మాటకి మాత్రం పూర్తి జవాబు ఈ సంవాదంలో దొరకలేదు. ఒకడు తప్పుకుంటే ఇంకొకడు వెళ్తాడు, నిజమే. మన ఆర్మీ యాక్టులో ఇవాళ ఇలాంటి విన్నపం పెట్టుకునే దారి ఏదీ లేదు. పార్లమెంటు ఆ సెక్షను రాయదలుచుకుంటే యుద్ధం లేని రోజుల్లోనే రాయాలి.